టీచర్ టీకి బయటికొచ్చింది

టీ వేడిగా ఉన్నంతసేపూ తాగకపోవడానికి ఒక సాకు ఉంటుంది. అందుకని యసవతి టీచర్ కప్పుని వరండా పిట్టగోడ మీద పెట్టి, సాసర్లో ఉన్న బెల్లం ముక్కని వేలితో అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది. వాన. పిచ్ మీద కప్పిన పట్టాల మీద నీళ్ళు మడుగులు కట్టి, గాలి వచ్చినప్పుడల్లా ఒక మూల నుంచి ఇంకో మూలకి పరుగెడుతున్నాయి. కురునేగల ఊరి వెనకాల ఉండే ఏనుగు కొండ పూర్తిగా మాయమైంది. అంత కొండా వానలో పోతుంది, వాన వెలిస్తే మళ్ళీ వస్తుంది, కొండలకి ఆ సుఖం ఉంది, పోయి రావడం. ఆమె వెనక గది తలుపు మూసి ఉంది. లోపల నలుగురు సెలక్టర్లు, అయిదో సెలక్టరు తను, తను బయట. ఎందుకు బయట ఉందో ఈ మైదానంలో ఉన్న ప్రతి ఆడపిల్లకీ తెలుసు, కాంటీన్లో చేప బన్నులు వేడి చేసే ముసలాయనకీ తెలుసు. గదిలో ఎవరి శిష్యురాలి పేరు వస్తే ఆ సెలక్టరు లేచి బయటికి రావాలి. ఇది ఎక్కడా రాసి లేదు, ఎవరు మొదలుపెట్టారో కూడా ఎవరికీ గుర్తు లేదు. "మీరు ఒకసారి టీ తాగి రండి" అంటారు, అంతే, దాహం ఉన్నా లేకపోయినా లేవాలి. అలా లేచి వచ్చి వరండాలో కప్పు పట్టుకుని కూర్చుంటే, ఆ కూర్చున్న మనిషిని చూసి మైదానం మొత్తం లోపలి మాట వినేస్తుంది. ఇప్పుడు సెవ్వంది పేరు నడుస్తోంది. స్కోరుబోర్డు కింద రేకుల షెడ్డులో నిలబడ్డ పిల్లలంతా వానని చూస్తున్నట్టు ముఖం పెట్టి తన కప్పునే చూస్తున్నారు.

కప్పుకి ఇన్ని కళ్ళా అనుకుంది. పూర్వం ఇంత కంగారు లేదు. పూర్వం అంటే, తన పాత శిష్యురాలు పద్మికా నాటికి ముందు. పద్మికాని తలుచుకోకూడదని పొద్దున్న రైల్లోనే ఒట్టు పెట్టుకుంది, కాని కప్పు చూడగానే వచ్చేసింది, నూనె రాసి బిగించి అల్లిన రెండు జడలతో, ముందు పన్ను కొంచెం విరిగి. ఆ రోజు పద్మికా పేరు గదిలోకి రానేలేదు. ఎవరిదో వేగం బౌలింగు మాట జరుగుతోంది, తనకి గొంతు ఎండిపోయింది, లేచి బయటికొచ్చి టీ తాగింది, మామూలు మనిషి తాగినట్టు. ఎవరో ఏదో అంటే నవ్వింది కూడా. గ్రౌండు అవతల నుంచి పద్మికా అది చూసింది. టీచర్ టీకి బయటికొచ్చింది, నవ్వింది, ఇంకేం కావాలి. ఇంటికి ఫోను చేసింది, వాళ్ళమ్మ కొబ్బరిపాలతో కిరిబత్ అన్నం వండి ముక్కలు కోసి వీధి వీధంతా పంచింది, పక్కింటివాళ్ళు టపాకాయలు కూడా కాల్చారు. ఆ పిల్ల పేరు లేని జట్టు రేడియోలో వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఇంకా కొబ్బరిపాల వాసన పోలేదు. తప్పు ఎవరిదని, దాహానిదా. తర్వాత ఆ పిల్ల బట్టల ఫ్యాక్టరీలో చేరడానికి వెళ్తూ బస్టాండులో గ్లవ్స్ తిరిగిచ్చేసింది, "కుట్టుమిషను దగ్గర ఇవి పనికిరావు కదా టీచర్" అని, ఆ విరిగిన పన్నుతో నవ్వుతూ. బస్సు కదిలాక చెయ్యి ఊపలేదు. లేక ఊపిందేమో, కిటికీ అద్దం మీద ఎండ పడి కనపడలేదేమో. ఆ రోజు నుంచి యసవతి సెలక్షన్‌కి ఫ్లాస్కు తెచ్చుకుంటుంది, దాహమైతే గదిలోనే తాగుతుంది. బయట తాగితే అది నిజం టీ అయి ఉండాలి. ఇది నిజం టీ.

పద్నాలుగు పేర్లు మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోయాయి. పెద్ద జట్టుకి ఒక మెట్టు కింద ఉండే జట్టు ఇది, ఇరవై నాలుగేళ్ళలోపు పిల్లల్ని రేపటికి తయారు చేసేది, వచ్చే నెల ఐర్లండ్ వెళ్తుంది. మిగిలింది ఒక్క చోటు, రెండో కీపరు. ఇటు సెవ్వంది, అటు మధుశికా. సెవ్వందికి పద్దెనిమిది. మధుశికా సైన్యం జట్టు పిల్ల, కార్పొరల్, ఈ వయసు గీత దాటడానికి ఇంకో అయిదారు నెలలు కూడా లేవు. ఇంతవరకే విషయం. ఇంతవరకే అయితే ఎంత బాగుండేది. దెనియాయ కొండల మీది నుంచి పాత సంచితో వచ్చిన సెవ్వంది నాలుగేళ్ళుగా అంబలంగొడలో తన ఇంట్లోనే ఉంటోంది. ముందుగదిలో కిటికీ పక్క మంచం దానిది, బాత్రూములో ఎర్ర మగ్గు దానిది, పరిప్పు పప్పుకూరలో అడుగున మాడిన భాగం దానిది, ఇష్టమట, ప్రపంచంలో ఎవరికైనా మాడింది ఇష్టం ఉంటుందా, ఉంటుంది, సెవ్వందికి ఉంటుంది. తనకి సముద్రపు హోరు వినపడడం మానేసి ఎన్నేళ్ళయిందో, ఆ పిల్ల వచ్చిన మొదటి రాత్రి "ఇదేంటి టీచర్, లారీలు ఇలా ఆగకుండా వెళ్తున్నాయి" అని అడిగితే మళ్ళీ వినపడింది.

తలుపు తెరుచుకుంది. చైర్మన్ రణవక బయటికొచ్చాడు, అరచేత్తో ముఖం తుడుచుకుంటూ, తలుపు వెనక్కి జాగ్రత్తగా వేస్తూ.

"అక్కా, టీ చల్లారిపోతోంది."

"చల్లారనీ తమ్ముడూ. ఏమైంది?"

"ఏమవుద్ది, రెండు ఇటు రెండు అటు. ఒకళ్ళేమో నేర్చుకునే జట్టు కాబట్టి చిన్నదాన్ని పంపాలంటారు. ఇంకొకళ్ళేమో చేతకానిదాన్ని పంపి పరువు తీసుకుంటామా అంటారు. నేను గంట నుంచీ మధ్యలో తబలాలా ఉన్నాను, రెండు వైపులా వాయిస్తున్నారు."

"నువ్వెటు?"

"నేనెటో చెప్తే మీరటు మొగ్గుతారు. చెప్పను." ఆయన పిట్టగోడకి ఆనుకుని వానలోకి చూశాడు. "రూలు పక్కన పెడదాం అక్కా. లోపలున్న నలుగురిలో గ్లవ్స్ తొడుక్కున్నవాడు ఒక్కడు లేడు. మేమందరం బ్యాటు పట్టుకున్నవాళ్ళం, కీపరంటే మాకు వెనకనించి తిట్టే గొంతు, అంతే తెలుసు. మీరు చెప్పండి. వాన తగ్గేలోపు చెప్పండి, సాయంత్రానికి కాగితం సంతకానికి క్రీడల మంత్రిగారి ఆఫీసుకి పోవాలి."

"నా ఇంట్లో పిల్ల."

"తెలుసు. మీరు మీ పిల్ల వైపు మొగ్గుతారని లోపల ఒకరికి భయం, ఆ మాట పడకూడదని కావాలని రెండో పిల్ల వైపు మొగ్గుతారని ఇంకొకరికి భయం. రెండు భయాలూ కలిసి సున్నా అయ్యాయి. అందుకే మీ మాటే ఖాయం చేద్దామన్నారు."

ఆయన వెళ్ళిపోయాడు. రెండు భయాలు కలిస్తే సున్నా అట. ఎక్కడి లెక్క అది, భయాలు కలిస్తే ఇంకో భయం పుడుతుంది, మూడో భయం, వాళ్ళకి తెలియనిది. సెవ్వంది వద్దు అని తన నోట వస్తే అది న్యాయమా, లేక ముందుగదిలో మంచం ఖాళీ కాకుండా ఉండడానికా. ఐర్లండ్ వెళ్ళొచ్చిన పిల్లల్ని వైమానిక దళం జట్టు వెంటనే తీసుకుంటుంది, ఉద్యోగం, క్వార్టర్సు, ఇక అంబలంగొడ ఎందుకు వస్తారు, వెసాక్ పండక్కి వస్తారు, ఒక పెట్టెడు బిస్కెట్లు తెచ్చి, మంచం అంచున కూర్చుని, సెల్‌ఫోను చూసుకుంటూ. పోనీ సెవ్వంది కావాలి అంటే, అది న్యాయమా, లేక న్యాయంగా ఉన్నానని నాకు నేను చూపించుకోవడమా, ఇదిగో చూడండి, ఒంటరిదాన్నయినా సరే పంపించాను అని. ఎటు చూసినా తన ముఖమే కనపడుతోంది, పిల్లల ముఖం కనపడడం లేదు. తన ముఖం ఒక్క నిమిషం పక్కకి జరిగితే బాగుండు. చేతులు చూసుకుంది. కుడిచేతి ఉంగరం వేలు వంకర, ఎడమచేతి చిటికెన వేలు రెండు చోట్ల వంకర. వానకి ముందు రోజే అవి సలుపుతాయి, నిన్న రాత్రి కూడా సలిపాయి. ఆ వేళ్ళు అబద్ధం చెప్పవు. వాటినే అడగాలి.

వేళ్ళు చెప్పేది ఇది. ఆ చలి దేశాల్లో బంతి వికెట్లు దాటాక కూడా ఊరుకోదు. మన దగ్గర బ్యాట్స్‌మన్‌ని దాటిన బంతి బుద్ధిగా చేతుల్లోకి వచ్చేస్తుంది, అక్కడ దాటాక ఊగుతుంది, తాగొచ్చిన మనిషి గుమ్మం దగ్గర తూలినట్టు, అటా ఇటా తెలియకుండా. తను మొదటిసారి అటు వెళ్ళినప్పుడు మొదటి రోజే మూడు వదిలేసింది, ఆ రాత్రి వేళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని ఏడ్చింది, అప్పటికే ముప్ఫై దాటిన మనిషి, ఊళ్ళో కర్రతో బంతి కొట్టే ఎల్లే ఆటలోంచి క్రికెట్‌లోకి వచ్చిన మనిషి, ఏడవడానికి సిగ్గు లేకుండా. అక్కడ కీపరుకి కావలసింది ఒకటే, కింద ఉండడం. వంగి కూర్చున్నది వంగే ఉండాలి, బంతి నేల తాకి లేచేదాకా లేవకూడదు, బంతితో పాటు లేవాలి. ముందే లేచిన కీపరు బంతికి ఎదురెళ్ళి వెతుక్కుంటుంది. మధుశికా కింద ఉంటుంది. బండరాయిలా ఉంటుంది, ఆఖరి క్షణంలో లేస్తుంది, చేతులు మెత్తగా వెనక్కి ఇచ్చి తీసుకుంటుంది, కోడిగుడ్డు పట్టుకున్నట్టు. సెవ్వంది చేతులు అంతకంటే మంచివి, దేవుడిచ్చిన చేతులు, కాని ముందే లేస్తుంది. బౌలరు చెయ్యి తిరగ్గానే మోకాళ్ళు కదిలిపోతాయి. నాలుగేళ్ళు చెప్పింది, తిట్టింది, వీపు మీద పుస్తకం పెట్టి కూర్చోబెట్టింది, మోకాళ్ళకి కండువా కట్టింది. ముందే లేస్తుంది. ఎందుకు లేస్తావే అంటే, "ఏమో టీచర్, ఎవరో పిలిచినట్టు ఉంటుంది" అంది ఒకసారి.

వాన కొంచెం పలచబడింది, మళ్ళీ చిక్కబడింది. అమ్మ గుర్తొచ్చింది, ఇక్కడెందుకు గుర్తొచ్చిందో, కొబ్బరి వాసనకేమో, కాంటీన్లో ఎవరో సంబల్‌కి కొబ్బరీ మిరపకాయలూ నూరుతున్నారు. ఆ మొదటి టూరుకి బయలుదేరిన రోజు అమ్మ జ్యోతిష్కుడి దగ్గరికెళ్ళి వేళ పెట్టించుకొచ్చింది. ఆ వేళకి తూర్పు ముఖంగా గడప దాటాలి, ఎదురుగా పూలు పట్టుకుని ఎవరైనా నడిచి రావాలి. జట్టు బస్సు ఆ వేళకి ముందే వచ్చి రోడ్డు మీద హారను కొట్టింది. అమ్మ ఆగమంది, బస్సు ఆగనంది, తను పెట్టె పట్టుకుని దిగిపోయింది. తమలపాకులు ఇచ్చి కాళ్ళకి మొక్కుదామని చూస్తే అమ్మ లేదు, వంటింట్లోకి వెళ్ళి కొబ్బరి కోరే పీట మీద కూర్చుంది. గర్, గర్, గర్. వాకిట్లో నిలబడి పిలిస్తే ఆ చప్పుడే జవాబు. ఏమీ కాలేదు, విమానం కూలలేదు, తను తిరిగొచ్చింది, అమ్మ ఇంకా ఇరవై ఏళ్ళు బతికింది. కోపం కూడా ఆ వారమే పోయింది. కాని ఆ తర్వాత తను ఎప్పుడు ఎక్కడికి బయలుదేరినా, ఉద్యోగానికైనా, పెళ్ళయి అత్తవారింటికైనా, ఆ పెళ్ళి పెటాకులయ్యాక మళ్ళీ కోర్టుకైనా, అమ్మ గుమ్మంలోకి రాలేదు. వంటింట్లో కొబ్బరి. అలవాటైపోయింది, అమ్మకీ తనకీ. గుమ్మంలో నిలబడి ఏడిచే అమ్మలుంటారు, ఆ ఏడుపు చూసి కసురుకుని వెళ్ళే పిల్లలుంటారు, అది హాయి. తనకి ఎడబాటు అంటే గర్, గర్, గర్. ఇప్పుడు సెవ్వంది మ్యాచ్‌కి బయలుదేరే పొద్దున తను ఏం చేస్తోంది. కొబ్బరి కోరుతోంది. సంబల్ అక్కర్లేని రోజు కూడా కోరుతోంది, కోరి కోరి అయిదు గిన్నెల నిండా పెడుతోంది. ఆ పిల్ల వంటింటి దాకా వచ్చి, మోకాళ్ళ మీద వంగి దణ్ణం పెట్టి, "టీచర్, ఇంత కొబ్బరి ఏం చేసుకుంటాం, కొట్టు పెడదామా" అంటుంది. తను తలెత్తకుండా తెల్లటి పొడి అంటిన చెయ్యి దాని తల మీద పెడుతుంది. దాని జుట్టులో కొబ్బరి, మ్యాచ్ అంతా.

కింద షెడ్డులోంచి నవ్వులు. షెడ్డు వరండాకి దగ్గరే, వాన హోరు తగ్గినప్పుడు మాటలు వినపడుతున్నాయి. పొద్దున కాంటీన్లో మధుశికా వచ్చి తన పక్కన కూర్చుంది, సైనికుల్లాగే తింటుంది ఆ పిల్ల, కంచం వైపు చూడకుండా, తొందరగా. మీ కోచ్ రాలేదా అని అడిగితే బన్ను నములుతూనే చెప్పింది.

"నాకు కోచ్ ఎక్కడ టీచర్, మా సార్జంట్ కబడ్డీ ఆయన. వికెట్ కీపింగంటే వికెట్లకి కాపలా అనుకుంటాడు. రాత్రి డ్యూటీ కూడా వెయ్యమంటాడేమో."

"మరి నీ గురించి లోపల చెప్పేదెవరు?"

"ఎవరూ లేరు. నా పేరొచ్చినప్పుడు ఎవరూ టీకి బయటికి రారు. కాంటీన్ వాళ్ళకి నావల్ల నష్టమే." అని నవ్వి, యసవతి ఫ్లాస్కు మూత పక్కన పెట్టుకున్న బెల్లం ముక్క అడక్కుండానే తీసుకుని నోట్లో వేసుకుంది.

ఆ మాట పొద్దున నవ్వు తెప్పించింది. ఇప్పుడు తెప్పించడం లేదు. గంట కిందట, వాన మొదలవకముందు, మధుశికా పేరు మీద గదిలో మాట జరిగినప్పుడు ఎవరూ లేవలేదు నిజమే, అందరూ కుర్చీల్లోనే ఉన్నారు, ఎవరి టీ వాళ్ళ ముందు ఉంది.

టప్. మళ్ళీ టప్. షెడ్డు గోడకి తడిసిన టెన్నిస్ బంతి కొడుతున్న చప్పుడు. యసవతి మెడ సాచింది. గోడకి బంతి విసురుతున్నది మధుశికా. గోడ ముందు వంగి కూర్చున్నది సెవ్వంది, గ్లవ్స్ లేకుండా, వట్టి చేతులతో. తడి బంతి గోడ మీద పడి ఎటు పడితే అటు జారుతోంది, తాగొచ్చిన మనిషిలా. మిగతా పిల్లలు చుట్టూ నిలబడి పందేలు కాస్తున్నారు.

"లేవకు," అంది మధుశికా. టప్. సెవ్వంది లేచింది, బంతి వేళ్ళకి తగిలి పక్కకి పోయింది.

"లేవొద్దన్నానా? నీ పిర్రకి స్ప్రింగుందా?"

"అక్కా, అది దానంతటదే లేస్తోంది."

"దానంతటది లేవదు. నువ్వు బంతిని నమ్మట్లేదు. అది నీ దగ్గరికే వస్తుందే పిచ్చిదానా, ఇంకెక్కడికి పోద్ది. నువ్వు ఎదురెళ్ళక్కర్లేదు. కూచో. నేను పిలవను, ఎవరూ పిలవరు. ఆకలేసినప్పుడు అదే వస్తుంది, పిల్లిలా."

టప్. టప్. టప్. ఎన్నిసార్లో. తను టీ సంగతి మరిచిపోయింది. సెవ్వంది మోకాళ్ళనే చూస్తోంది. అవి కదులుతున్నాయి, కదులుతున్నాయి, ఒకసారి కదలలేదు. బంతి గోడ మీద జారి, ఎడమకి తూలి, కిందకి దిగింది, దానితో పాటే ఆ పిల్ల లేచింది, రెండు చేతులూ వెనక్కి తీసుకుంది. చప్పుడు లేదు. మంచి కీపరు వట్టి చేతులతో పట్టినప్పుడు చప్పుడు ఉండదు.

"ఆఁ. అదీ," అంది మధుశికా, ఏమీ జరగనట్టు.

నాలుగేళ్ళు. కండువా కట్టింది, పుస్తకం పెట్టింది. ఈ పిల్ల పిల్లిని పెట్టింది. పైగా ఈ పిల్లకి తెలుసు, తను వరండాలో కప్పుతో కూర్చోవడం వాన మొదలైనప్పటి నుంచీ చూస్తూనే ఉంది, మిగిలింది ఒక్క చోటేనని, ఆ చోటుకి తామిద్దరేనని షెడ్డులో అందరికీ తెలుసు. తెలిసీ గోడకి బంతి కొడుతోంది. మంచితనమా, లేకపోతే ఊసుపోకా. ఊసుపోకే అయి ఉంటుంది, ఎదుట ఎవరో తప్పు చేస్తుంటే చేతులు ఊరుకోవు, తన చేతులూ అంతే. నేను పిలవను, ఎవరూ పిలవరు. ఎవరో పిలిచినట్టు ఉంటుంది టీచర్. యసవతికి వంకర వేళ్ళు చల్లబడ్డాయి. పిలుస్తున్నది ఎవరు. తెల్లారకముందే ముందుగది గుమ్మంలో నిలబడి, లే, లే, రైలు తప్పిపోతుంది, లే, వాన వచ్చేలా ఉంది, లే, ఆలస్యమైపోతుంది అని, ఎప్పుడూ ఏదీ తప్పిపోలేదు, ప్రతి స్టేషన్లోనూ రైలుకి ముందే వెళ్ళి బల్ల మీద కూర్చున్నారు, అయినా రోజూ, లే, లే. పోయేది పోకముందే పోయినట్టు కంగారుపడే మనిషి ఇంట్లో నాలుగేళ్ళు పెరిగితే మోకాళ్ళు కింద ఎలా నిలుస్తాయి. తను ఆట ఆడిన రోజుల్లో కింద ఉండేది, బాగానే ఉండేది. ఆట మానేశాకే లేచింది. లేచి నిలబడే ఉంది, చేతులు చాచి, ఇంకా రాని బంతికి ఎదురెళ్తూ.

టీ తాగింది. పూర్తిగా చల్లారిపోయింది, అడుగున చేదు. తాగుతుంటే షెడ్డులో మాటలు ఆగిపోయాయి, అందరూ చూస్తున్నారని చూడకుండానే తెలిసింది. బెల్లం ముక్క తినలేదు. ఇప్పుడు లెక్క చాలా మామూలుగా ఉంది, ఇంతసేపూ ఎందుకు కష్టమైందో. వచ్చే నెలలో ఊగే బంతిని పట్టగలిగేది మధుశికా. ఆమెకి ఇదే ఆఖరి జట్టు. సెవ్వందికి ఇంకా ఏళ్ళున్నాయి. ఇందులో తన ముఖం లేదు. కాని ఇది చెప్పి ఇంటికెళ్తే, రాత్రి పరిప్పు కూరలో మాడిన అడుగు తీసి ఆ పిల్ల కంచంలో వేస్తే, ముందుగదిలో దీపం ఆర్పితే, అప్పుడు తెలుస్తుందా ఎందుకు చెప్పానో. తెలియదు. ఏ రోజుకీ తెలియదు. తెలుసుకోవడానికి ఒకటే దారి ఉంది. వద్దు అని చెప్పాలి, చెప్పి ఆ పిల్లని ఇంట్లో ఉంచుకోకూడదు.

తలుపు తోసింది. నలుగురూ తలెత్తారు. ఆమె కూర్చోలేదు.

"మధుశికా," అంది.

రణవక పెన్ను తీశాడు, రాయలేదు. "ఖాయమేనా అక్కా? మళ్ళీ..."

"బంతి మీద ఖాయం. అక్కడ బంతి వికెట్లు దాటాక ఊగుతుంది, ఆ పిల్ల కింద ఉంటుంది, మా పిల్ల ముందే లేస్తుంది. ఇంకో మాట. కొలంబోలో మన క్రికెట్ హాస్టల్‌కి సెవ్వందిని పంపమని మీరు ఏడాదిగా అడుగుతున్నారు, పరీక్షలవనీ అంటున్నాను. పరీక్షలు ఎప్పుడో అయ్యాయి. సోమవారం పంపిస్తాను."

ఆయన పెన్నుకి మూత పెట్టాడు. "టూరు లేదని తెలిసిన వారమే ఇల్లు కూడా మార్చాలా? కొన్నాళ్ళు ఆగండి. పిల్ల బెంగ పెట్టుకుంటుంది."

"కొన్నాళ్ళు ఆగితే నేను ఆగిపోతాను తమ్ముడూ," అంది. "ఇప్పుడే రాసుకో. సెవ్వందిని హాస్టల్ నుంచి రోజూ మధుశికా దగ్గర కీపింగ్ చెయ్యనివ్వు, సైన్యం గ్రౌండు దగ్గరేగా. ఆ పిల్ల ఐర్లండ్ నుంచి వచ్చాక మొదలుపెట్టమను. కబడ్డీ సార్జంటుకి నేను ఫోను చేస్తాను."

ఎవరో నవ్వారు. రణవక రాసుకున్నాడు.

ఆమె బయటికొచ్చేసరికి వాన తగ్గి తుంపరలా ఉంది. పట్టాలు లాగేవాళ్ళు వట్టికాళ్ళతో పరుగెడుతున్నారు. పిల్లల్ని రెండు జట్లు చేసి పొద్దున మొదలుపెట్టిన మ్యాచ్‌ని ఇంకో పది ఓవర్లయినా ఆడిస్తారట. సెవ్వంది మెట్లెక్కి వచ్చింది, లోపలి గ్లవ్స్ కోసం, పొడిగా ఉండాలని ఎప్పుడూ టీచర్ సంచిలోనే ఉంటాయి. వచ్చి నిలబడింది, అడగలేదు. అడగకూడదు, మంత్రి సంతకం అయ్యేదాకా ఎవరూ చెప్పకూడదు, ఇది మాత్రం రాసి ఉన్న రూలు. యసవతి సంచి తెరిచి గ్లవ్స్ తీసి, ఒక్కొక్కటీ దులిపి, ఇచ్చింది.

"సోమవారం నుంచి కొలంబో హాస్టల్‌కి వెళ్తున్నావు," అంది. అనాలనుకున్నది ఇలా కాదు. ముందు వేరే మాటలు ఉన్నాయి, అవి ఎక్కడికో పోయాయి.

సెవ్వంది గ్లవ్స్ వైపు చూసింది. "టూరుకెళ్ళేవాళ్ళకి హాస్టల్ ఎందుకు టీచర్?"

ఆమె సంచి మూసింది.

"ఓహో," అంది ఆ పిల్ల, మెల్లిగా. కళ్ళు ఎర్రబడ్డాయి కాని నీళ్ళు రాలేదు. "మధుశికా అక్క. సరే, అక్క బాగా చేస్తుంది, నాకూ తెలుసు. దానికి నాకేం లేదు." గ్లవ్ తొడుక్కుంటోంది, వేళ్ళు ఎక్కడం లేదు, తడి. "టూరుకి వద్దు. సరే. ఇంట్లో కూడా వద్దా?"

"వద్దని కాదే."

"మరి?"

మరి. మరి అంటే, నువ్వు ఉంటే నాకు బాగుంటుంది కాబట్టి. నేను పిలుస్తున్నాను కాబట్టి, నీ మోకాళ్ళు వింటున్నాయి కాబట్టి. ఇవి మైదానంలో, చైర్మన్ తలుపు ముందు, చెప్పే మాటలా. అంబలంగొడలో చెప్పే మాటలు కూడా కావు. "గ్లవ్ తిరగేసి తొడిగావు," అంది.

సెవ్వంది తీసి సరిగ్గా తొడుక్కుంది. ఎప్పుడూ మైదానంలోకి దిగేముందు వంగి దణ్ణం పెడుతుంది, వర్షమైనా బురదైనా, మోకాళ్ళు నేలకి ఆనించి. యసవతి చెయ్యి అలవాటుగా కొంచెం ముందుకు వచ్చింది. పిల్ల వంగలేదు. మెట్లు దిగి, తడి గడ్డి మీద, వెనక్కి చూడకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. రక్షగా చేతికి కట్టిన పిరిత్ దారం మురికిగా, వదులుగా, గ్లవ్ అంచు మీద వేలాడుతోంది. చెయ్యి ఇంకా గాల్లోనే ఉందని గమనించి ఆమె దాన్ని కప్పు మీద పెట్టింది.

అవతలి జట్టు తరఫున మధుశికా బ్యాటింగ్‌కి వస్తోంది, హెల్మెట్ కింద ముఖం కనపడడం లేదు. వికెట్ల దగ్గర ఆగి సెవ్వందితో ఏదో అంది. సెవ్వంది జవాబు చెప్పిందో లేదో. ఏనుగు కొండ తొండం వైపు నుంచి మెల్లిగా తిరిగి వస్తోంది, తెల్లటి మబ్బు చీల్చుకుంటూ. యసవతి వరండా కుర్చీలో మైదానానికి వీపు పెట్టి కూర్చుంది. చూడలేకపోయింది. చూస్తే మళ్ళీ లే అంటుందేమో, నోట్లోంచి కాకపోయినా ఒంట్లోంచి. అంపైరు గొంతు వినపడింది. స్పిన్నరు అడుగులు, రెండు, మూడు, తడి నేల మీద. బంతి పడిన చప్పుడు. బ్యాటు చప్పుడు లేదు, అంటే దాటింది, ఎడమ కాలి పక్కనుంచి దాటి ఉంటుంది, అన్నిటికంటే కష్టమైనది, కీపరుకి కనపడనిది. ఒక క్షణం ఏమీ లేదు, ఆ క్షణంలో మోకాళ్ళు ఉన్నాయి, కిందే ఉన్నాయి, ఉన్నాయో లేదో. తర్వాత గ్లవ్స్‌లో మెత్తగా, లోతుగా, ఒక్క చప్పుడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కొట్టేంతది కాదు. మధుశికా గొంతు మాత్రం వినపడింది, "ఆఁ. అదీ."

కోపంలో కింద ఉందో, నేర్చుకుని ఉందో. ఏదైనా ఉంది. యసవతి సాసర్లోని బెల్లం ముక్క నోట్లో వేసుకుంది. సోమవారం పొద్దున రైలు. వేళ పెట్టించక్కర్లేదు, రైలు వేళే వేళ. ఆ పిల్ల వంగినా వంగకపోయినా గుమ్మంలో నిలబడాలి, గేటు దాకా వెళ్ళాలి, రోడ్డు మలుపు తిరిగేదాకా. వంటింట్లో పనేమీ మిగలకుండా చూసుకోవాలి. కొబ్బరి ఆదివారమే కోరిపెట్టుకుంటే సరి.